ఎవరూ చూడకుండా తీయండి

మా తమ్ముడికి నత్తి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తెలియనివాళ్ళు వాడు నోరు తెరిచాక గాని కనిపెట్టరు. కనిపెట్టాక వాడితో మాట్లాడటం మానేసి నావైపు తిరిగి, "పాపం, చిన్నప్పట్నుంచీ ఇంతేనామ్మా?" అంటారు. వాడు అక్కడే నిలబడి ఉంటాడు. వాడికి నలభై దాటాయి, చెవులు శుభ్రంగా పనిచేస్తాయి, ఆ 'పాపం' వాడికీ వినిపిస్తుంది.

నాకు కోపం ఎక్కువ. నరసరావుపేట పక్కన ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పిల్లలు నా వెనక నన్ను మిరపకాయ టీచర్ అంటారని తెలుసు; పేరు పెట్టినవాడెవడో గాని సరిగ్గానే పెట్టాడు. ఇద్దరికీ సమానంగా పంచాల్సిన మాటలన్నీ నేనే పట్టుకుపోయానని మా అమ్మ ఎగతాళి చేసేది. అమ్మ పోయాక ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. నేను అరుస్తాను, వాడు వింటాడు. అలా గడిచిపోతోంది.

వాడి నత్తికి కొన్ని అక్షరాలంటే పగ. 'మ' పలుకుతుంది, 'న' పలుకుతుంది. 'గ' దగ్గర ఆగిపోతుంది, 'ప' దగ్గర పెదవులు అతుక్కుపోతాయి. గురజాల వెళ్ళాలంటే కండక్టరుకి దాని అవతలున్న మాచర్ల అని చెప్పి టిక్కెట్ తీసుకుని గురజాలలో దిగిపోతాడు. మా సండే స్కూల్లో ప్రతి క్రిస్మస్‌కీ పిల్లలంతా వేదికెక్కి బైబిల్లోంచి కంఠత వాక్యం చెప్పాలి. వాడు ఏడేళ్ళప్పుడు ఎక్కాడు. మొదటి మాటే 'ప'తో మొదలైంది. ముందు వరసలో పిల్లలు నవ్వారు, తర్వాత పెద్దవాళ్ళూ నవ్వారు, చివరికి సంఘం పెద్ద ఒకాయన లేచి 'చాల్లే బాబూ, దేవుడికి అర్థమైంది' అన్నాడు. దానికి కూడా నవ్వారు. ఆ పెద్దాయన ఇప్పుడు లేడు. ఉండి ఉంటే ఇప్పుడైనా వెళ్ళి అడిగేదాన్ని, నీకెందుకు అర్థం కాలేదయ్యా అని.

పెద్దయ్యాక వాడు మాట్లాడక్కర్లేని పని చూసుకున్నాడు. ఫ్లెక్సీలు వేసే షాపులో కంప్యూటరు ముందు కూర్చుంటాడు. నరసరావుపేటలో ఎవరి పుట్టినరోజుకి ఎవరు చేతులు జోడించి నిలబడాలో, ఎవరి ఫొటో ఎంత పెద్దదుండాలో అన్నీ వాడి చేతుల్లోంచే వెళతాయి. షాపు, ఇల్లు, మళ్ళీ షాపు. అమ్మ పోయాక ఏళ్ళ తరబడి వాడి లోకం ఆ రెండు వీధులే. పోనీ చర్చికి రారా అంటే తల అడ్డంగా ఊపేవాడు.

ఆ మనిషిని ఒక ఆట బయటికి లాక్కొచ్చింది. దాని పేరు జియోకాషింగ్. పేరు చూసి బెదరకండి, ఇది పెద్దవాళ్ళ దాగుడుమూతలు. ఎవరో ఒకరు ఒక చిన్న డబ్బాలో కాగితం చుట్ట, పెన్సిల్ ముక్క, రెండు పిల్లల బొమ్మలు వేసి ఎక్కడో దాస్తారు. దాచిన చోటి అక్షాంశ రేఖాంశాలు ఒక వెబ్‌సైట్లో పేజీ తెరిచి పెడతారు. ఆ చోటు గురించి నాలుగు మాటలు, ఒక క్లూ, ఇంతకుముందు వచ్చినవాళ్ళు రాసిన ముచ్చట్లు కూడా ఆ పేజీలోనే ఉంటాయి. మనం వెళ్ళి వెతికి, దొరికితే కాగితం మీద సంతకం పెట్టి, డబ్బాని ఎక్కడిదక్కడ పెట్టి రావాలి. అంతే. మన పల్నాడులో ఈ ఆట ఆడేవాళ్ళు చానా తక్కువ. సాగర్ చూడ్డానికి హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళు దారిలో ఒకటీ అరా దాచి పోతారు. క్రోసూరు వెళ్ళే దారిలో ఒక కల్వర్టు కింద ఒకటి, శావల్యాపురం అవతల చింతచెట్టు తొర్రలో ఒకటి, ఇలా.

వాడు ఇంటర్నెట్లో దీన్ని ఎలా పట్టుకున్నాడో నాకు తెలియదు. సెకండ్ హ్యాండ్‌లో ఒక జీపీఎస్ కొన్నాడు. అరచేతంత ఉంటుంది, పైన కొమ్ములాంటి యాంటెన్నా, డబ్బా దగ్గరపడితే కీక్ కీక్ మంటుంది. శనివారం సాయంత్రం షాపు నుంచి రాగానే వాడి తతంగం మొదలయ్యేది. లాప్‌టాప్‌లో మ్యాపు తెరిచి, తను వెళ్ళబోయే ప్రాంతం చుట్టూ గీత గీసి, ఆ గీతలో ఉన్న డబ్బాల పేజీలన్నీ ఒకే ఫైలుగా కట్టి ఫోన్లోకి దించేవాడు. అదే ఫైలు కేబుల్ పెట్టి జీపీఎస్‌లోకి. మ్యాపు ముక్కలు విడిగా. ఫొటోలు రావు, అక్షరాలే వస్తాయి. ముచ్చట్లలో కూడా ఆఖరి నాలుగైదే వస్తాయి. ఇదంతా నేను అడక్కుండానే నాకు వచ్చేసింది, మా ఇంట్లో భోజనాల బల్ల ఒక్కటే కాబట్టి.

పోయిన వారం దించిన ఫైలు ఉండగా మళ్ళీ ఎందుకురా అని ఒకసారి అడిగాను. దించుకున్న పేజీ ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉండిపోతుందట. తర్వాత డబ్బా పోయినా, చోటు మారినా, మన దగ్గరున్న కాపీకి ఆ సంగతి తెలియదట. పాత కాపీ నమ్ముకుని పోయి ఎప్పుడో పోయిన డబ్బా కోసం ఎండలో రాళ్ళు తిరగేసేవాళ్ళు ఉంటారట. ఈ మాటలు చెప్పడానికి వాడికి చాలాసేపు పట్టింది. కానీ చెప్పాడు. ఈ ఆట గురించైతే చెప్పేవాడు.

"ఇంత తంటా ఎందుకురా? పోయినచోట ఎవర్నన్నా అడిగితే చెప్పరా?" అన్నాను.

దానికి మాత్రం నోరు విప్పలేదు. ఫోన్లో టైప్ చేసి చూపించాడు: 'అడగక్కర్లేకుండా ఉండటానికే.'

ఆ డబ్బాల్లో ఏముంటే నాకేం? వాడు గడప దాటుతున్నాడు. బండి మీద కొత్త ఊళ్ళు తిరిగి, ఎండకి నల్లబడి, సాయంత్రం ఆకలితో ఇంటికొస్తున్నాడు. అదే నాకు కావలసింది. అది పోకూడదు, అంతే.

అది పోయిన రోజు ఒక ఆదివారం. పొద్దున్నే పప్పన్నం, దోసకాయ పచ్చడి బాక్సులో సర్దించుకుని బయల్దేరాడు. దుర్గి వైపు. దుర్గిలో రాళ్ళు చెక్కుతారని అందరికీ తెలుసు. ఆ చుట్టుపక్కల ఒక ఊరి బయట, ఎవరో శిల్పి సగం చెక్కి, రాయిలో పగులు కనపడితే వదిలేసిపోయిన నంది ఉందట. దాని పొట్ట కింద సందులో ఒక స్టీలు డబ్బా దాచామని పేజీలో ఉంది. ఆ ఊరి పేరు రాయను. రాస్తే నా కోపం ఆ ఊళ్ళో పుట్టిన పిల్లల మీద కూడా పడుతుంది.

అప్పటికి ఎన్నికలు అయిపోయి ఎంతో కాలం కాలేదు. మా వైపు ఎన్నికలంటే ఏమిటో వేరే జిల్లావాళ్ళకి చెప్పాలంటే సిగ్గేస్తుంది. గడ్డివాముల్లో, కంచెల్లో, పాడుబడ్డ గోడల సందుల్లో వెతికి, దొరికిన నాటుబాంబుల్ని నీళ్ళ బకెట్లలో ముంచి పోలీసులు మోసుకుపోతారు. తడిస్తే మందు పేలదని మా దగ్గర చిన్నపిల్లలకి కూడా తెలుసు. రాయి సందులో డబ్బా కనపడితే ఇంకో చోటివాళ్ళు మూత తీసి చూస్తారేమో. మావాళ్ళు బకెట్ కోసం పరిగెత్తుతారు.

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు. వాడు కొన్ని రోజులకి టైప్ చేసి చూపించిందీ, స్టేషన్లో ఆ ఊరి పెద్దమనిషి చెప్పిందీ కలిపి రాస్తున్నాను. రెండూ ఒకటే కథ. సిగ్గుపడేది మాత్రం ఒక్కరే, అది కూడా పడాల్సినవాళ్ళు కాదు.

వాడు నంది పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి సందులోకి పెట్టాడు. చేతిలో యంత్రం కీక్ కీక్ మంటోంది. మిరప చేలో నుంచి వస్తున్న ఇద్దరు మగవాళ్ళు చూశారు. వాడు డబ్బా బయటికి తీశాడు.

"ఒరేయ్, ఎవుర్రా నువ్వు? ఏందది?"

వాడికి చెప్పాలనే ఉంది. మాట రాలేదు. పరాయివాళ్ళు అరుస్తూ వస్తుంటే నత్తి లేనివాళ్ళకే మాట రాదు.

"నిన్నే! నోట్లో నాలిక లేదా?"

కేకలు విని ఇంకొంతమంది వచ్చారు. అప్పుడు మా వాడు తనకి తెలిసిన పని చేశాడు. ఎవరినీ ఏమీ అడక్కుండా, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేకుండా ఉండటానికి వారం వారం దించుకున్న ఆ పేజీని ఫోన్లో తెరిచి వాళ్ళ ముందు పెట్టాడు. తన బదులు అది మాట్లాడుతుందనుకున్నాడు.

అది ఇంగ్లీషులో ఉంది. ఆ గుంపులో డిగ్రీ చదివినవాడొకడు ముందుకొచ్చి చదివి తెలుగులో చెప్పాడు.

"డబ్బా రాయి కింద దాచి ఉంది అంట, బాబాయ్. 'తీసేటప్పుడు ఎవరూ చూడకుండా తీయండి, మళ్ళీ ఎవరూ చూడకుండా అక్కడే పెట్టండి' అంట. కింద ఎవరెవరు ఎప్పుడెప్పుడు వచ్చిపోయారో తేదీలతో సహా ఉంది."

ఆ మాట రాసినవాడెవడో హైదరాబాదులో ఫ్యాను కింద కూర్చుని రాశాడు. ఆటలో అదొక సరదా, దారినపోయేవాళ్ళకి తెలియకుండా డబ్బా తీయడం. మా పల్నాడులో రాయి కింద డబ్బా దాచి, ఎవరూ చూడకుండా తీయండని రాశాడంటే వాడికి బుద్ధి ఎక్కడుందో నాకు తెలియదు. వాణ్ణి కూడా నేను క్షమించలేదు.

ఆ తర్వాత బకెట్ వచ్చింది. డబ్బాని ముంచారు. కీక్ కీక్ మంటోందని జీపీఎస్‌నీ ముంచారు. ఒకడు వాడి చెంప మీద కొట్టాడు. ఇంకొకడు తోస్తే వెళ్ళి నంది మీద పడ్డాడు. సగం చెక్కిన కొమ్ము కనుబొమ్మకి తగిలి చీరుకుపోయింది. అప్పుడు కూడా వాడి నోట్లోంచి మాట రాలేదని పెద్దమనిషి ఆశ్చర్యంగా చెప్పాడు నాతో. పోలీసులు వచ్చేదాకా కరెంటు స్తంభానికి కట్టేసి ఉంచారు. తాడు పశువులకి కట్టేది.

నాకు ఫోనొచ్చింది మధ్యాహ్నం. కానిస్టేబులు. నా నంబరు వాడే కాగితం మీద రాసిచ్చాడట. నరసరావుపేట నుంచి మాచర్ల బస్సు ఎంత మెల్లగా పోతుందో కోపంలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. పిడుగురాళ్ళలో సున్నం లారీ అడ్డం పెట్టి డ్రైవరు దిగి టీ తాగుతున్నాడు. కిటికీలోంచి తల బయటికి పెట్టి వాణ్ణి నేను తిట్టిన తిట్లకి పక్క సీట్లో ముసలమ్మ తన సంచి తీసుకుని వెనక సీటుకి పోయింది.

స్టేషన్లో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు మా వాడు. చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. కనుబొమ్మ మీద ఎవరో పసుపు అద్దారు. ఎదురుగా నేల మీద బకెట్. నీళ్ళలో స్టీలు డబ్బా, దాని పక్కన వాడి జీపీఎస్, పైన పెన్సిల్ ముక్క తేలుతోంది. మూత తీసి చూశాక కూడా ఎవరూ వాటిని బయట పెట్టలేదు.

ఎస్సై చిన్నవాడు. మర్యాదగానే మాట్లాడాడు. నాకు ఆ మర్యాదే ఒళ్ళు మండించింది.

"కూర్చోండి మేడమ్. కేసేం లేదు, చూశాం. బొమ్మలూ కాగితాలూ. ఆయన ఒక్క మాట చెప్పుంటే అక్కడే వదిలేసేవాళ్ళు."

"ఒక్క మాటకి ఎంతసేపిచ్చారు సార్?" అన్నాను. "కట్టెయ్యడానికి తాడు తేవడానికి పట్టినంతసేపు ఆగినా చెప్పేవాడు."

గోడ పక్కన భుజం మీద తువ్వాలుతో ఒకాయన నిలబడి ఉన్నాడు. ఆ ఊరి పెద్దమనిషి. ఆయనే ముందుకొచ్చాడు.

"అమ్మాయ్, కోపగించుకోబాక. మాకేం తెలుసు? అడిగితే పలకడు, చేతిలో డబ్బా ఉండె. మేమేం చెయ్యాల?"

"మనిషిని మనిషిలాగా చూడాల," అన్నాను, ఆయన యాసలోనే.

ఆయన తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. తర్వాత చెప్పాడు. "మా ఇంటామె పొయ్యిలోకి కంపకి పోయిందమ్మా ఒకనాడు. కంచెలో బంతి మాదిరి ఉందని చేత్తో తీసింది. ఇప్పుడు అన్నం నేనే కలిపి పెడతా. మా ఊళ్ళో డబ్బా అంటే మాకు అదే."

అబద్ధం చెప్పను, ఆమె కోసం నాకు ఏడుపొచ్చింది. కానీ ఆమె చేతిని పోగొట్టింది మా తమ్ముడు కాదు. పోగొట్టినవాళ్ళెవరో ఆ ఊరికి తెలుసు. వాళ్ళని ఏ స్తంభానికీ కట్టరు, వాళ్ళకి లేచి కుర్చీ వేస్తారు. నోరు లేనివాడు దొరికాడు కాబట్టి తాడు దొరికింది. ఇదే మాట ఆయన మొహం మీదే అన్నాను. ఆయన తలదించుకున్నాడు గాని కాదనలేదు.

కొట్టినవాడి మీదా, తోసినవాడి మీదా ఫిర్యాదు రాస్తానన్నాను. ఎస్సై నొచ్చుకున్నాడు. "రాజీ పడితే మంచిది మేడమ్. రేపు వాయిదాలకి మీరే తిరగాలి."

"తిరుగుతా."

"వ... వద్దక్కా," అన్నాడు మా వాడు. ఆ రోజు నాకు వినిపించిన మొదటి మాట అదే. నేను వినలేదు. కాగితం తీసుకుని నా పేరు మీద నేనే రాసిచ్చాను.

ఇంటికొచ్చాక జీపీఎస్‌ని బియ్యం డబ్బాలో పెట్టి చూశాం. అది పోయింది. ఫోన్ పోలీసులు తిరిగిచ్చారు. మా వాడు ఆ రాత్రే దించుకున్న పేజీలన్నీ ఫోన్లోంచి తుడిచేశాడు. బల్ల దగ్గర నా ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటీ తుడిచాడు. క్రోసూరు కల్వర్టు పోయింది, శావల్యాపురం చింతచెట్టు పోయింది. వాడు మాట్లాడకపోతే నాకు కొత్తేం కాదు, కానీ ఇది అలాంటిది కాదు. ఉప్పు కావాలన్నా చేత్తో చూపించేవాడు. శనివారాలు షాపు నుంచి వచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. లాప్‌టాప్ మీద దుమ్ము పట్టింది. అమ్మ పోయినప్పుడు ఎలా ఉన్నాడో మళ్ళీ అలా అయిపోయాడు. ఈసారి పోయినవాళ్ళెవరూ లేరు, పోగొట్టినవాళ్ళే ఉన్నారు. నాకు స్కూల్లో పిల్లల మీద కూడా కోపం వచ్చేది. బోర్డు మీద సుద్దముక్కలు విరిగిపోయేవి.

తుడిచెయ్యబోయే ముందు వాడు ఒక పని చేశాడని నాకు తర్వాత తెలిసింది. ఆ వెబ్‌సైట్లో, నంది డబ్బా పేజీలో, తన ముచ్చట రాశాడు. రెండే వాక్యాలు. 'డబ్బా దొరికింది. లోపల నీళ్ళు చేరి కాగితం తడిసిపోయింది, కొత్తది పెట్టాలి.'

"నీళ్ళు చేరాయా?" అని అరిచాను. "వానొచ్చిందా? వరదొచ్చిందా? జరిగింది రాయవేరా? స్తంభానికి కట్టారని రాయి. కొట్టారని రాయి!"

చాలాసేపటికి వచ్చింది జవాబు. "రా... రాస్తే ఇంకెవరూ ఆ ఊ... ఊరికి రారక్కా."

"రావద్దు! ఎందుకు రావాలి?"

వాడు లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకి ఆ డబ్బా దాచిన హైదరాబాదాయన పేజీలో ఒక మాట పెట్టాడు. తను ఇప్పట్లో రాలేనని, దగ్గర్లో ఉన్నవాళ్ళెవరైనా కొత్త డబ్బా పెడతారా అని, లేకపోతే పేజీ మూసేస్తానని. మా వాడు అది చదువుతూ కూర్చోవడం నేను చూశాను. చాలా రోజుల తర్వాత లాప్‌టాప్ తెరిచాడని సంతోషించాలా, ఏం చదువుతున్నాడో చూసి భయపడాలా తెలియలేదు. "ఆ ఊరి దిక్కు పోయావంటే కాళ్ళు విరగ్గొడతా," అన్నాను. వాడు ఏమీ అనలేదు. వాడు ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టు అనుకోవడం అందరికీ అలవాటే. నేనూ అదే అనుకున్నాను.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఇంటిముందు బండి లేదు. ఫోన్ చేశాను. బల్ల మీద ఛార్జింగులో మోగింది. చేతికి తీసుకుని చూస్తే దాన్లో దించుకున్న పేజీ ఒక్కటి కూడా లేదు. ఫోను లేదు, జీపీఎస్ లేదు, మ్యాపు లేదు. ఉత్త చేతులతో పోయాడు.

ఎక్కడికి పోయాడో నాకు క్షణంలో తెలిసిపోయింది. ఆ మధ్యాహ్నం నేను పడిన నరకం నా శత్రువుకి కూడా వద్దు. ఎస్సైకి ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబరు తీశాను. ఏమని చెప్పాలి? నలభై దాటిన మా తమ్ముడు బండేసుకుని బయటికి వెళ్ళాడు, పట్టుకోండి అనా? గడప మీద కూర్చుని వాణ్ణీ, ఆ ఊరినీ, ఆ ఆట కనిపెట్టినవాణ్ణీ కలిపి తిట్టాను. అన్నం వండలేదు.

పొద్దువాలేవేళకి వచ్చాడు. బండి హ్యాండిల్‌కి ఒక సంచి వేలాడుతోంది. నిండా పచ్చి కందికాయలు.

"ఎక్కడివి?"

"వా... వాళ్ళిచ్చారు."

సంచి లాక్కుని రోడ్డు మీద పారబోయబోయాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు, వదల్లేదు. లోపలికి తీసుకెళ్ళి వాడే కడిగి, ఉప్పేసి పొయ్యి మీద పెట్టాడు. ఉడుకుతుండగా చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యలో రెండుసార్లు మాట అందించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

ఫోన్ కావాలనే ఇంట్లో పెట్టాడట. చేతిలో యంత్రమేదీ లేకుండా, చూపించడానికి పేజీ ఏదీ లేకుండా పోవాలనుకున్నాడట. ఉంటే దాన్నే చూపిస్తాడు కాబట్టి. నేరుగా ఊళ్ళోకి పోయి టీ బంకు ముందు బండి ఆపాడు. నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు, ఆ పెద్దమనిషి కూడా. వాణ్ణి చూసి అందరూ మాట ఆపేశారు. వాడు వాళ్ళని అడిగాడు: డబ్బా పెట్టడానికొచ్చాను, ఎక్కడ పెట్టమంటారు?

"ఎంతసేపు పట్టింది?" అన్నాను. అడక్కుండా ఉండలేకపోయాను.

"వా... వాళ్ళ టీలు చ... చల్లారిపోయినయ్."

ఒకడు నవ్వాడట. పెద్దమనిషి వాణ్ణి కసిరి, "ఆగరా, చెప్పనీ," అన్నాడట. ఆగారు. చివరి మాట దాకా ఆగారు. తర్వాత ఆట ఏమిటని అడిగితే అది కూడా చెప్పాడు. అన్నీ విన్నాక పెద్దమనిషి, "ఆడుకోండయ్యా, ఎవరొద్దన్నారు? స్టీలు డబ్బా మాత్రం వద్దు. లోపలేముందో బయటికి కనపడేది పెట్టు," అన్నాడట. బంకాయన చాక్లెట్ల ప్లాస్టిక్ సీసా ఒకటి ఖాళీ చేసి ఇచ్చాడు. నంది దగ్గర కాకుండా, బంకు వెనక రాళ్ళగుట్టలో, అందరికీ కనపడే చోట పెట్టించారు. ఇంటిదగ్గర తయారుచేసుకుపోయిన కాగితం చుట్ట, కొత్త పెన్సిల్, రెండు బొమ్మలు సీసాలో వేశాడు.

"కొట్టినవాళ్ళున్నారా అక్కడ?"

"ఒ... ఒకడున్నాడు. నాకు టీ వాడే ఇ... ఇప్పించాడు."

"తాగావా?"

"తాగా."

నేను గిన్నె మీది మూత విసిరికొట్టాను. వాడు మూత తీసి కడిగి మళ్ళీ పెట్టాడు.

ఆ రాత్రే హైదరాబాదాయనకి కొత్త వివరాలన్నీ పంపాడు. మర్నాటికి పేజీ మారింది. మా వాడు లాప్‌టాప్ నావైపు తిప్పాడు. 'ఎవరూ చూడకుండా తీయండి' అన్న వాక్యం పోయింది. దాని చోట వాడు రాసిచ్చిన వాక్యం ఉంది: 'ముందు టీ బంకులో అడగండి.' అడగక్కర్లేకుండా ఉండటానికి ఇన్నేళ్ళు పేజీలు దించుకున్న మనిషి రాసిన వాక్యం అది. నేను దాన్ని మళ్ళీ మళ్ళీ చదివాను. కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది, అది వాడికి కనపడకుండా వంటింట్లోకి వెళ్ళి తుడుచుకున్నాను.

తిరిగొచ్చేసరికి వాడు అసలు సంగతి ఎత్తాడు. వచ్చే నెల వాయిదా. ఫిర్యాదు వెనక్కి తీసుకోమన్నాడు.

"తీసుకోను," అన్నాను.

"నువ్వు పా... పాత కాపీ పట్టుకుని తి... తిరుగుతున్నావక్కా. రిఫ్రెష్ చెయ్యి."

"చెయ్యను."

వాడు నవ్వి మళ్ళీ లాప్‌టాప్ వైపు తిరిగాడు. ఆదివారానికి ఇంకేవో పేజీలు దించుకుంటున్నాడు, ఈసారి వినుకొండ వైపు. వాడు గడప దాటాడు. నాకు కావలసింది అదే కదా అని మీరంటారు. అవును, అదే. కానీ వాడి కనుబొమ్మ మీద వెంట్రుకలు మొలవని గీత ఒకటి మిగిలిపోయింది. వాడికది అద్దంలో చూసుకుంటేనే కనపడుతుంది. ఎదురుగా కూర్చుని అన్నం పెట్టేదాన్ని, నాకు రోజూ కనపడుతుంది.